నాలుగో పాదం

అద్దం ముందు సుభద్రాయమ్మగారు కూర్చుని మీసం అంటించుకుంటున్నారు, నేను వెనక కిరీటం పట్టుకుని నిలబడ్డాను, ఆవిడ చనిపోయారన్న సంగతి ఇద్దరికీ తెలుసు, కానీ ఎవరమూ ఆ మాట ఎత్తడం లేదు. ఆడమనిషై ఉండి నలభై ఏళ్లు పద్యనాటకాల్లో రాజు వేషాలు కట్టిన మనిషి, నాకు పద్యం నేర్పిన గురువు. ఈ గది మా కాలేజీ లైబ్రరీలాగానూ ఉంది, గుడివాడ బస్టాండులాగానూ ఉంది. పుస్తకాల బీరువాల మధ్య నుంచి బస్సులు చప్పుడు లేకుండా వెనక్కి వెళుతున్నాయి.

"ఏమే ఇందూ, పిల్లలకి నేర్పుతున్నావా?" అంటారు అద్దంలోంచే.

"నేర్పుతున్నానమ్మగారూ. పై వారమే నాటకం. రాజు కోట వదిలి వెళ్లే పద్యం దగ్గర ఆగిపోయాం. మీరు నాకు మూడు పాదాలే చెప్పారు. నాలుగోది వచ్చే ఆదివారం అన్నారు."

ఆ ఆదివారం ఆవిడ ఆస్పత్రిలో ఉన్నారు, ముక్కు మీద ఆక్సిజన్ మాస్కు, నా అరచేతిలో వేళ్లతో తాళం మాత్రం వేశారు. పద్యం పుస్తకంలో ఉంది, అక్షరం పోకుండా ఉంది. ఏ మాట దగ్గర గొంతు లేపాలో, ఎక్కడ గుక్క తిప్పుకోవాలో, ఏడుపు ఆపుకుంటున్న రాజు రాగాన్ని ఎలా కిందికి దించుతాడో ఏ పుస్తకంలోనూ లేదు. పాత టేపుల కోసం ఊళ్లు తిరిగాను, ఆ పద్యం ఎక్కడా దొరకలేదు.

"ఇప్పుడు చెప్పండమ్మగారూ," అంటున్నాను.

ఆవిడ సగం మీసంతో నా వైపు తిరుగుతారు, తప్పిపోయిన పసిపిల్లలా. "నాకేం గుర్తు లేదే. నువ్వొస్తే అడుగుదామనే కూర్చున్నాను. తొందరగా చెప్పు, తెర తీసేస్తున్నారు."

అవతల జనం అప్పుడే "వన్స్ మోర్" అని అరుస్తున్నారు, ఇంకా పాడని పద్యానికి. నేను మొదటి పాదం అందుకుంటాను, రెండోది, మూడోది, ఆవిడ పెదవులు నాతోపాటే కదులుతున్నాయి, కళ్లలోకి వెలుగు వస్తోంది, ఆ తర్వాత నా నోరు తెరిచే ఉంది, గాలి తప్ప ఏమీ రావడం లేదు.

"ఊఁ, తర్వాత?"

"నాకు రాదమ్మగారూ."

కోప్పడితే బాగుండును. కోప్పడరు. నా చేతుల్లోంచి కిరీటం తీసుకుని తనే పెట్టుకుని, "సర్లే, మూడింటితోనే ఎలాగో లాక్కొస్తాలే," అంటూ వెలుతురు వైపు నడుస్తారు; వెళ్లొద్దని చెయ్యి పట్టుకోబోతే మా ఇద్దరి మధ్యకీ ఒక బస్సు అడ్డం వస్తుంది, ఎంతసేపు చూసినా చివర రాని బస్సు.

కళ్లు తెరిచాను. స్టాఫ్‌రూమ్ బల్ల, చెంప కింద తిమ్మిరెక్కిన చెయ్యి, కిటికీలో సాయంత్రపు ఎండ. పక్క హాల్లో పిల్లలు నేను లేకుండానే రిహార్సల్ మొదలుపెట్టేశారు. రాజు వేషం కట్టే భార్గవి గొంతు, కోట వదిలే పద్యం. మొదటి పాదం, రెండోది. మూడో పాదం చివర రాగం కాసేపు ఊగి, నిలిచిపోయింది. పిల్లలు నా కోసం చూస్తున్నారు.