ఎడమకు ఒరిగిన ఏనుగు

నేను మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. మా ఆయన నా ఉద్యోగ దరఖాస్తు నింపుతున్నాడు. పనులు అలా సమంగా పంచుకునే ఇల్లు మాది.

"అనుభవం నాలుగేళ్ళు. ఖాళీ మూడేళ్ళు," అని పైకి చదువుతూ రాశాడు. "కోరుకునే జీతం దగ్గర సంస్థ నిబంధనల ప్రకారం అని పెట్టేశాను. నువ్వు అంకె వేస్తే వాళ్ళు బెదిరిపోతారు."

తన అంకె మాత్రం పొద్దుటినుంచి నాలుగుసార్లు చదివి వినిపించాడు. కొత్త స్టూడియో ఆయనకు సూపర్‌వైజర్ ఉద్యోగమిస్తూ పంపిన ఉత్తరంలోది. వచ్చే నెలలో చేరాలి. అదే స్టూడియోలో నన్ను జూనియర్‌గా తీసుకోమని ఆయనే అడిగాడట. "ఇంటర్వ్యూ పేరుకే. వెళ్ళి నవ్వి రా," అన్నాడు. నేను చొక్కా తిరగేశాను.

మేమిద్దరం యానిమేటర్లం. తెరమీద బొమ్మలకు నడక నేర్పే పని. ఒకే స్టూడియోలో, ఒకే రోజు, ఒక్క అంకె కూడా తేడా లేని జీతాలకు చేరాం. అప్పట్లో నేనాయన్ని నువ్వు అనేదాన్ని. పెళ్ళయ్యాక ఆఫీసులో నువ్వు, ఇంట్లో అత్తగారి ముందు మీరు. కొన్నాళ్ళకు ఆఫీసు పోయింది, మీరు మిగిలింది. పాప పుట్టినప్పుడు "ఎవరో ఒకరు ఆగాలి కదా" అన్నాడు. మా ఇంట్లో ఎవరో ఒకరు అంటే ఎవరో గోడమీది బల్లికి కూడా తెలుసు. మా పనిలో జూనియర్, సీనియర్, లీడ్, సూపర్‌వైజర్ అని నిచ్చెన ఉంది. మెట్టు మెట్టుకీ జీతం లావెక్కుతుంది. దిగినవాళ్ళ మెట్టును మాత్రం ఎవరూ దాచిపెట్టరు. మళ్ళీ వస్తే నేలమీద నుంచే ఎక్కాలి.

అయితే ఆ మూడేళ్ళూ నేను ఖాళీగా లేను. పని కుప్పలుగా ఉందని ఆయన కొన్ని షాట్లు ఇంటికి తెచ్చేవాడు. "చిన్న సాయం" అనేవాడు. బొమ్మ ఎలా కదలాలో ముందు మేమే నటించి ఫోన్‌లో తీసుకుంటాం. తర్వాత ఆ కదలికను బొమ్మకు ఎక్కిస్తాం. మా ఆయనకు సిగ్గెక్కువ. ఆయన పులిలా నడిస్తే పులి బ్యాంకుకొచ్చి కరెంటు బిల్లు కట్టడానికి వరసలో నిలబడినట్టుండేది. అందుకని పంచదార డబ్బాకు ఫోన్ ఆనించి నేనే నడిచేదాన్ని. ఆరడుగుల వంటింట్లో రెండు సముద్రాలు ఈదాను. ముగ్గురు రాజుల్ని ఓడించాను. పాలు పొంగేలోపు ఒక రాక్షసుణ్ణి చంపి, తిరిగొచ్చి స్టవ్ కట్టేశాను. రాక్షసుడు చచ్చాడని ఎవరూ చూడలేదు గానీ, పాలు కాస్త అడుగంటితే ఇల్లంతా చూసింది.

హాల్లోంచి అత్తగారు కొడుకుని అడిగేది, "ఇవాళ కోడలు ఏ జంతువురా?"

"బాతమ్మా."

"బాతైతే పర్వాలేదు. పెద్ద జంతువైతే అంట్లు తోమి మొదలుపెట్టమను."

పెద్ద జంతువు కూడా వచ్చింది. గుంపు వదిలేసి వెళ్ళిపోయే ముసలి ఆడ ఏనుగు. పన్నెండు సెకన్లు నడవాలి, అంతే. ఆ రోజు పాపకు జ్వరం. చంకలోంచి దింపితే ఏడుపు. దాన్ని ఎడమ నడుముమీద ఎత్తుకునే ఏనుగునయ్యాను. పాప నా మెడలో వేడిగా ఊపిరి వదులుతుంటే నిదానంగా గోడదాకా వెళ్ళి ఆగాను. బొమ్మకు ఎక్కించాక చూస్తే, అడుగడుక్కీ ఏనుగు ఎడమ పక్క కాస్త కుంగి, ఆలస్యంగా లేస్తోంది. సరిచేస్తానన్నాను. "వదిలెయ్, టైం లేదు," అని పట్టుకుపోయాడు.

ఆ పన్నెండు సెకన్లకు బహుమతి వచ్చింది. ఆ ఏనుగు మనసులో ఎంత బరువుందో చూడండి అన్నారట అందరూ. మా ఆయన లీడ్ అయ్యాడు. వేదికమీద డైరెక్టర్‌కు, వాళ్ళమ్మకు, చివరికి మొరాయించని కంప్యూటర్‌కు కూడా కృతజ్ఞతలు చెప్పాడు. నేను కింద మూడో వరసలో పాపకు బిస్కెట్ తినిపిస్తున్నాను. అత్తగారు పక్క కుర్చీలో ఆవిడతో అంటోంది, "మావాడు ఏనుగును చేశాడండి. కోడలా? ఇంట్లోనే కదా, ఖాళీ."

నా రీల్‌లో ఆ ఏనుగును మొదట పెట్టుకున్నాను. రీల్ అంటే మేం చేసిన మంచి షాట్లన్నీ గుచ్చిన చిన్న వీడియో. మా పనిలో చదువు, జాతకం, పరువు అన్నీ అదే. మా ఆయన చూసి తీసేశాడు. "ఒకే షాట్ ఇద్దరి దగ్గరుంటే దొంగెవరని అడుగుతారు. నాది ముందే పంపేశాను. నా ఆఫర్ పోతే ఇంటద్దె ఎవరు కడతారు, నీ బాతులా?"

కాబట్టి బాతులతోనే వెళ్ళాను.

చిన్న గది. గోడకు ఎవరో తుడవకుండా వదిలేసిన తెల్లబోర్డు. బల్లకు అవతల జీతాలు చూసే అబ్బాయి, పక్కన యానిమేషన్ డైరెక్టర్. నెరిసిన జుట్టు కత్తిరించుకుని, కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని ఉంది.

అబ్బాయి నా ఫారం తిప్పాడు. "మూడేళ్ళ గ్యాప్ ఉంది కదమ్మా. కొత్తవాళ్ళకిచ్చేదే వస్తుంది. ఎలాగూ మీ వారు సూపర్‌వైజర్. రెండు జీతాలూ ఒకే ఇంటికి కదా."

నవ్వాడు. నా తల ఊగింది. నన్నడక్కుండా ఊగడం దానికి అలవాటైపోయింది.

డైరెక్టర్ నా బాతుల్ని చూసింది. మళ్ళీ చూసింది. కళ్ళజోడు కిందికి దించుకుంది. "ఇవన్నీ ఎడమకు ఒరుగుతాయేం?"

"అలవాటైపోయిందండి. సరిచేసుకుంటాను."

ఆవిడ లాప్‌టాప్ నావైపు తిప్పింది. తెరమీద నా ఏనుగు. "ఇది మీ వారి రీల్. ఇదీ ఒరుగుతుంది. ఎందుకని ఆయన్ని అడిగితే, ముసలి ఏనుగులు అంతేనండి అన్నారు. నేను మూడు నెలలు ఏనుగుల వెనక తిరిగినదాన్నమ్మా. ఏ ఏనుగూ ఇలా నడవదు."

గుంపు వదిలి ఏనుగు మా వంటింటి గోడదాకా వెళ్ళింది. ఆగింది. మళ్ళీ మొదటినుంచి నడిచింది. నేను చెప్పాల్సిన మాట నాకు తెలుసు. దాని ఖరీదూ తెలుసు. ఆ ఉత్తరం, వచ్చే నెల అద్దె, పాప స్కూలు, సాయంత్రం తలుపు తీసే అత్తగారి ముఖం. మా ఆయన అబద్ధమాడలేదు, ఎవరూ అడగలేదంతే, అని మూడేళ్ళుగా నాకు నేను చెప్పుకున్న మాట నాలుకదాకా వచ్చింది. ఇప్పుడు అడిగారు మరి. ఆయన్నీ అడిగారు. ముసలి ఏనుగులు అంతేనన్నాడు. పక్కనే పంచదార డబ్బా దగ్గర నిలబడి పాప జ్వరం ఎంతుందని కూడా అడగకుండా, ఇంకోసారి నడువు అని చెప్పినవాడు.

అప్పుడు చూసుకున్నాను. కుర్చీలో కూడా నేను ఎడమకే ఒరిగి కూర్చున్నాను. పాప దిగి, నడిచి, బడికి వెళ్తోంది. నా నడుము మాత్రం ఇంకా దాన్ని దించలేదు.

"ఆ ఫారం ఒకసారి ఇవ్వండి," అన్నాను.

సంతకానికనుకుని అబ్బాయి పెన్ను కూడా ఇచ్చాడు. ఖాళీ మూడేళ్ళు అన్నచోట గీత కొట్టాను. అనుభవం దగ్గర నాలుగు కొట్టేసి ఏడు వేశాను. కోరుకునే జీతం దగ్గర, ఇస్త్రీ చేస్తూ నాలుగుసార్లు విన్న అంకె రాశాను. ఒక్క సున్నా కూడా తగ్గించలేదు.

ఫారం అవతలికి జరిపి, ఆవిడవైపు తిరిగాను.

"ఆ ఏనుగు నడుముమీద మా పాప ఉందండి. జ్వరం. దింపితే ఏడుస్తుంది."