పేరు రాయాల్సిన చోట

స్వరూప చేతిలో మొదట ఉన్న సరుకు ఇరవై రెండు బొమ్మలు. చీర అంచులు గీసే గ్రాఫు కాగితాల వెనకవైపు, బిడ్డ వాడి పారేసిన స్కెచ్ పెన్నులతో వేసినవి. అత్త పెంటమ్మ మగ్గం ముందు కూర్చుని, అయిపోయిన పడుగు నిలువు దారాలకు కొత్త పడుగును పోగు పోగుగా అతికే కథ అది, పిల్లల కోసం. వేల పోగులు. ఆ పనికి కూలి లేదు, చేనేత సొసైటీ పుస్తకంలో పేరూ లేదు. అందులో ఉండేది నేసే మగవాడి పేరే.

పిల్లల బొమ్మల కథలు కావాలని ప్రకటన ఇచ్చిన హైదరాబాదు ప్రచురణకర్తలు బొమ్మలు మెయిల్లో పంపమన్నారు. స్కాన్ చేస్తే అంత బరువు ఫైళ్లు పోలేదు. "ఆన్‌లైన్ల ఆల్బం పెట్టి లింకు పంపుక్కా," అన్నాడు గద్వాలలో నెట్ సెంటరు నడిపే దినేష్. ఆల్బంలో రచయిత పేరు రాసే ఖాళీ ఒకటి కనబడింది. స్వరూప వేళ్లు ఆలోచించలేదు. ప్రేమ్ కుమార్ అని కొట్టాయి. పెళ్లయిన పదకొండేళ్లుగా ఏ కాగితం మీదైనా రాసింది మొగుడి పేరే.

నెలకు జవాబొచ్చింది. "ప్రేమ్ కుమార్ గారూ, ఇంటి ఆడవాళ్ల చేతుల్ని ఇంత దగ్గరగా చూసిన మగవారు అరుదు. ఒకసారి వచ్చి మాట్లాడండి."

మొన్నటిదాకా "కాగితాలు ఖరాబు చేస్తున్నవ్" అన్న ప్రేమ్ కుమార్ ఆ జవాబు ప్రింటు జేబులో పెట్టుకుని రెండు వీధులు తిరిగొచ్చాడు.

"నేనే పోయొస్తలే. నువ్వు గంత దూరం పోయి ఏం మాట్లాడ్తవ్? ఇంట్ల ఎవరైతేంది?"

తానే రాసిచ్చిన పేరు. ఏ మొహంతో కాదంటుంది?

పెంటమ్మ బొమ్మలు తెమ్మని ఒక్కొక్కటీ కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. "నా చెయ్యేనే! వేలు వంకర సుత దించినవ్," అని మురిసిపోయింది. "పేరు ఎవరిది పెట్టినవ్?"

స్వరూప చెప్పింది.

ముసలామె తిట్టలేదు. "నాకు రాయ రాకపాయె, రాసేటోళ్లు లేకపాయె. నీకు రాత వచ్చు గద. నువ్వు సుత గట్లనే చేస్తివా?"

స్వరూప బొమ్మలన్నీ ఏరి దొంతి పెట్టింది. మొగుడి జేబులో ఉన్నది దొంగిలించిన సొమ్ము కాదు, తాను చేతులారా తూచి ఇచ్చిన సరుకు.

మర్నాడు పప్పు దించి నెట్ సెంటరుకు పోయింది. పాత పేరు చెరిపి, 'బొమ్మలు: స్వరూప. చేతులు: పెంటమ్మ' అని కొట్టింది. అబద్ధం ఒప్పుకుంటూ ప్రచురణకర్తకు నాలుగు ముక్కలు రాసి పంపింది. అబద్ధమాడినామె పుస్తకం వాళ్లు వేస్తారో వెయ్యరో. ఇంట్లో ఎన్నాళ్లు మాటలు పడాలో.

లెక్క తేలింది ఇంతే: పుస్తకం పోతే పోవచ్చు. రెండు పేర్లు మాత్రం ఇంటికొచ్చాయి.