ఎండ లేని వరస

చిల్లకల్లు దాటాక హైవే పక్కనున్న ఆరోగ్య కేంద్రంలో పొద్దున ఎండ పడగానే వరస మొదలయ్యేది. నడవగలిగిన ముసలివాళ్ళు నడిచొచ్చేవాళ్ళు. మంచం దిగలేనివాళ్ళు నీడని పంపేవాళ్ళు. మనుషుల మధ్య నీడలూ వరసలో జరుగుతూ ఉండేవి. వంతు రాగానే నర్సు కృపావతి వంగి, నేల మీద పరుచుకున్న చేతిలో మాత్రల పొట్లం పెట్టేది. పొట్లం దుమ్ములో పాకుతూ రోడ్డు దాటుతుంటే లారీలవాళ్ళు బ్రేకు వేసేవాళ్ళు.

"ఏంటి లూర్దమ్మ పిన్నీ, ఇంత సన్నబడ్డావ్? ఇంట్లో పొయ్యి వెలిగిస్తున్నావా లేదా?" అని నీడని పలకరించేది.

వెనక నుంచి ఏలీయా అందుకునేవాడు. "దానికి బీపీ కూడా చూడు నర్సమ్మా. ఇందాకే నా ముందు దూరింది."

"నువ్వు ముందా చుట్ట పారెయ్ తాతా. నీ బీపీ ఇక్కడికే కనపడతంది."

ఆ సంవత్సరం ముసలివాళ్ళ సంరక్షణ మీద నందిగామలో శిక్షణ పెట్టారు. బ్యానరు మీద 'అందరికీ ఆరోగ్యం' అని రాశారు. ఆ అందరిలో మంచం దిగలేనివాళ్ళు ఉన్నారా అని ఎవరూ అడగలేదు. కృపావతీ అడగలేదు. పెద్దవాళ్ళని ఎండలో నిలబెట్టడం నేరమని చెబుతుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగొచ్చి ఆఫీసుల చుట్టూ తిరిగింది, పోట్లాడింది, ఆవరణ మొత్తానికీ రేకుల షెడ్డు వేయించింది. కింద బెంచీలు, ఫ్యాన్లు.

వరస సగమైంది.

తనిఖీకొచ్చిన అధికారి వరప్రసాదరావుగారు జీపు దిగి, "రద్దీ భలే తగ్గించావమ్మా!" అన్నారు. కృపావతి పొంగిపోయింది. పేదవాళ్ళు కనపడకపోతే పేదరికం పోయిందనుకునే దేశం ఇది. ఆమె కూడా ఇక్కడే పుట్టింది.

లూర్దమ్మ రావడం లేదని తట్టేసరికి ఆలస్యమైంది. మధ్యాహ్నం పల్లెలోకి వెళ్ళింది. లూర్దమ్మ మూతి ఒక పక్కకి లాగేసింది. కుడి చెయ్యి కొయ్యలా పడుంది. మాట లేదు.

"నీడని పంపలేదేం పిన్నీ?"

పక్క పంచలో మంచం మీంచి ఆదెమ్మ జవాబిచ్చింది. "ఎందుకు పంపలా? రోజూ పంపింది. మీ షెడ్డు అంచుదాకా పోయి నిలబడేదంట. లోపల ఎండ లేకపోతే నీడ ఎట్టా అడుగేస్తది తల్లీ? ఉత్త చేతుల్తో తిరిగొచ్చేది. నాదీ అంతే."

"నాకెవరితోనన్నా చెప్పి పంపకూడదా?"

"ఎవరున్నారమ్మా? చెప్పటానికి ఉన్నది ఆ నీడే."

"జగ్గయ్యపేట ఆస్పత్రికి తీసుకెళ్దాం, లేవండి..."

"పడిపోయినాక అంబులెన్సోళ్ళు తీసుకెళ్ళారు, తెచ్చారు. ఇక ఇంతేనన్నారు."

కృపావతి ఇద్దరికీ బీపీ చూసింది, మాత్రలిచ్చింది. గుమ్మం దాటి ఎండలోకొస్తే తన కాళ్ళ దగ్గర నీడ లేదు. వెనక్కి తిరిగింది. లూర్దమ్మ ఎడమ చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడి, ఆ నీడ చెంగుని పట్టుకునుంది. గట్టిగా లాగితే వచ్చేదే. కృపావతి లాగలేదు.

మర్నాటి నుంచి కేంద్రం మూయగానే మాత్రల సంచీతో పల్లెకి వెళ్ళేది. ఇంటింటికీ తిరిగేది. లూర్దమ్మ ఆ వానాకాలం దాటలేదు. సమాధి చేసి వచ్చి చూస్తే, తన నీడ ఆదెమ్మ మంచం పక్కకి జరిగి కూర్చుంది.

రద్దీ తగ్గించినందుకు మెచ్చి, తన ఇల్లూ పిల్లలూ ఉన్న నందిగామకే బదిలీ ఇచ్చారు. కృపావతి వద్దని రాసిచ్చింది.

"పిచ్చా నీకు? ఎన్నేళ్ళు బస్సుల్లో తిరుగుతావే?" అన్నాడు మొగుడు డేవిడ్‌రాజు.

"నీడనక్కడ ఒదిలేసి నేనెక్కడికి పోనండీ?" అంది కృపావతి.