ఉతకని కోటు

మేనేజర్ గారి తెల్లకోటు మీద ఇస్త్రీపెట్టె జరుపుతుంటే, కుడిచేతి అంచు దగ్గర ఐదారు చుక్కలు నా కళ్లముందే గోధుమరంగుకు తిరిగి నల్లబడ్డాయి. గుడ్డ కాల్చేశానేమోనని ముందు ఇస్త్రీపెట్టె పక్కకు తీశాను. వేలితో తాకితే ఆ మేర గుడ్డ పొడిపొడిగా రాలింది. అసలు భయం అప్పుడు మొదలైంది.

ఆయన కోటు నా ఇంట్లో ఎందుకుందని మీరు అడగవచ్చు. పటాన్‌చెరులోని మా మందుల కంపెనీ నిరుడు ల్యాబ్ కోట్లకు లాండ్రీ మాన్పించింది. "ముగ్గురు ఆడోళ్లున్నరు గదమ్మా, ఇంట్ల బట్టలతోని జెర జాడిస్తె అయిపాయె" అన్నాడు మేనేజర్ సునీల్‌కుమార్. అప్పటినుంచి శనివారం వచ్చిందంటే తొమ్మిది కోట్ల సంచీ ఎవరో ఒకరి భుజాన ఉంటుంది. ఈసారి వంతు నాది. రెండు రోజులుగా నల్లా నీళ్లు రాలేదు. ఉతకని కోట్లకే ఇస్త్రీ చేసి ఈ సోమవారం గట్టెక్కుదామని తెల్లారకముందే లేచాను.

మా ల్యాబ్‌లో చిన్న ప్లాటినం ఎలక్ట్రోడ్ ఉంది. పిల్లల సిరప్‌లో కలిపే మందులో ఉండకూడని మలినం ఎంతుందో అదే చెబుతుంది. దాన్ని పెర్క్లోరిక్ యాసిడ్‌తోనే కడగాలి. సల్ఫ్యూరిక్‌తో కడిగితే సల్ఫేట్, బైసల్ఫేట్ అయాన్లు ప్లాటినం మీద తిష్ఠ వేస్తాయి. షేర్ ఆటోలో ముందే ఎక్కి మోకాళ్లు చాపుకుని కూర్చునే మగవాళ్లలాగా, తర్వాత వచ్చేవాళ్లకు చోటివ్వవు. మలినానికి చోటు దొరకదు, లెక్క తక్కువ చూపిస్తుంది. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఇదే. పీహెచ్‌డీ సీటు కూడా వచ్చింది. "పెండ్లయినంక ఇంకేం సదువు" అన్నాడు మా ఆయన స్టాన్లీ. "ప్లాటినం బంగారం కన్న పిరమంట గద, ఒక్క పోగన్న తేలేదు" అని అత్తమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. ఆ నవ్వు నాకు అలవాటైపోయింది.

శుక్రవారం నేను చేసిన పరీక్షలో బ్యాచ్ ఫెయిలైంది. మలినం ఉండవలసినదానికి రెండింతలుంది. "నీ చెయ్యి మంచిగ లేదు, ఎలక్ట్రోడు నేను కడుగుత తే" అని మేనేజర్ తీసుకుని లోపలికి వెళ్లాడు. పది నిమిషాల తర్వాత అదే మందు పాసైంది. "సూసినవా? మందుల తప్పు లేదు, నీ కడుగుడుల ఉన్నది" అన్నాడు అందరి ముందూ. పెర్క్లోరిక్‌తో కడిగినట్టు రిజిస్టర్‌లో ఉన్న గడిలో, ఆయన దేనితో కడిగాడో చూడకుండానే సంతకం పెట్టాను. సిగ్గుతో పెట్టాను. సల్ఫ్యూరిక్ పడిన గుడ్డకు వేడి తగిలితే ఇలాగే నల్లబడి పొడి అవుతుందని నాకు తెలుసు. ఆ బ్యాచ్ ఈ సాయంత్రమే లారీ ఎక్కుతుంది.

స్టాన్లీ అదే కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్. కోటు చూపించి అంతా చెప్పాను. పళ్లు తోముకుంటూనే విన్నాడు.

"సర్ఫుల గూడ సల్ఫేటే ఉంటదని నువ్వే చెప్పినవ్ గద. ఏ మచ్చనో ఏమో."

"ఈ వారం సర్ఫుల పెట్టనే లేదు."

"సంతకం ఎవరిది? నీది. ముందుగాల పొయ్యేది నువ్వు, నీ ఎనకాల నేను. సప్పుడు జెయ్యక ఉతికి ఇచ్చెయ్."

అత్తమ్మ వాకిట్లోంచి బకెట్ తెచ్చి నా ముందు పెట్టింది. పక్కింటివాళ్ల బోరు నీళ్లు అడిగి తెచ్చిందట. "మొగోన్ని పరేషాన్ జెయ్యకు బిడ్డా" అంది మెల్లగా. ఆమెకు కోపం లేదు, భయమే. ఒక్క ముంచు ముంచితే చాలు, ఉద్యోగం ఉంటుంది, ఇల్లు నిమ్మళంగా ఉంటుంది. ఏ ఊళ్లోనో ఎవరి బిడ్డో జ్వరంతో ఏడుస్తుంటే తల్లి చెంచాతో ఆ సిరప్ పోస్తుంది. సీసా మీద నా పేరు ఉండదు. ఉండదనే ధైర్యంతోనే కదా శుక్రవారం సంతకం పెట్టాను. నిజంగా చెబుతున్నాను, కోటు బకెట్ దాకా తీసుకెళ్లాను. కిందికి వదలలేకపోయాను. మడిచి నా సంచిలో పెట్టుకున్నాను.

ఎనిమిదింటికి ల్యాబ్‌లో నేనూ నిషితా మాత్రమే ఉన్నాం. ఆమె మా ముగ్గురిలో చిన్నది. చేతి అంచు దగ్గర ఒక ముక్క, వీపు దగ్గర ఒక ముక్క కత్తిరించి వేరువేరు గ్లాసుల్లో డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టాను. పాత సర్ఫు వల్లే అయితే రెండూ ఒకేలా ఉండాలి. ఒక్కోదాంట్లో రెండు చుక్కలు హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఆపైన బేరియం క్లోరైడ్ వేశాను. వీపు ముక్క నీళ్లు పెద్దగా మారలేదు. చేతి అంచు నీళ్లు పాలలాగా విరిగాయి. తెల్లటి పొడి మెల్లగా అడుగుకు దిగుతోంది.

"సల్ఫేటే గదక్కా" అంది నిషిత.

ఎలక్ట్రోడ్‌ను పద్ధతి ప్రకారం కడిగి మళ్లీ పరీక్ష చేశాను. శుక్రవారం మొదటిసారి వచ్చిన లెక్కే వచ్చింది. నా చేతికి ఏమీ కాలేదు. ఆ సంగతి నాకు నేనే రుజువు చేసుకోవలసి వచ్చినందుకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కాగితం రాశాను. బ్యాచ్ ఆపాలని రాశాను, కారణం రాశాను, చూడకుండా సంతకం పెట్టింది నేనేనని కూడా రాశాను. క్వాలిటీ హెడ్ వీరలక్ష్మి మేడం చేతికి ఇచ్చి వెనక్కి వచ్చాను. కత్తిరించిన ముక్కనూ కోటునూ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, తేదీ వేసి బల్ల మీద ఉంచాను.

తొమ్మిదిన్నరకు సునీల్‌కుమార్ వచ్చాడు. ఎనిమిది కోట్లు కొక్కేలకు వేలాడుతున్నాయి. తొమ్మిదో కొక్కెం ఖాళీగా ఉంది.

"నా కోటేదమ్మా? ఉతకలేదా?"

భయం పోలేదు. భయంతోనే మాట్లాడాను.

"లేదు సార్. ఉతికితె పోతది."