బావమరిది చేతి తాడు

పోతురాజు కుడికాలు సీసపు జోడులో దూర్చి ముందుకు చాచాడు. చినబాబు మోకాళ్ళ మీద కూర్చుని దాని తోలుపట్టీ బిగించాడు. ఎడమకాలూ అయింది. రబ్బరు పూసిన మందపాటి దుస్తుల్లో పోతురాజు అప్పటికే ఉడికిపోతున్నాడు. పడవ మధ్యలో గాలిపంపు చక్రం పట్టుకుని కూర్మయ్యా, ఇంకొకతనూ సిద్ధంగా ఉన్నారు.

"ఈ దినంతో నీకు సెలవురా," అన్నాడు పోతురాజు, బావమరిది మొహం చూడకుండా. "వచ్చే లచ్చివారం నీలవేణి మెళ్ళో పుస్తె కడతన్నాను. ఇంక దాని తమ్ముడు పడతాడు తాడు."

చినబాబు, బావ నడుముకు కట్టిన తాడు ముడిని మరోసారి లాగి చూశాడు. "నానేటి తప్పు సేసాను బావా?"

"తప్పని ఎవులన్నారు? మీ అక్క పోయింది. నాను మునిగితే నీకేటి, తేలితే నీకేటి?"

నౌపడ ఉప్పుమళ్ళకు తూర్పున ఉన్న ఆ పల్లెలో, నీళ్ళలో దిగేవాడి తాడు పెళ్ళాం తోడబుట్టినవాడే పట్టాలి. సొంత అన్నదమ్ముడికి ఇంటి మీద కన్నుంటుంది. స్నేహితుడికి ఏ పాత కోపమో ఉంటుంది. అక్క బొట్టు తన చేతులారా చెరిపేవాడు మాత్రం ఉండడని తాతలనాటి నమ్మకం. తాడు పట్టినవాణ్ణి ఎవరూ పలకరించకూడదు, అతనూ నోరు విప్పకూడదు. ప్రాణమంతా వేళ్ళలో పెట్టుకుని కూర్చోవాలి. పోతురాజు పెళ్ళాం గురమ్మ మొన్న వానాకాలంలో జ్వరంతో పోయింది. అంతకాలం సముద్రానికి భయపడని మనిషి, అప్పట్నుంచీ దిగిన ప్రతిసారీ బావమరిదికి భయపడుతున్నాడు. సిగ్గుగానే ఉంది, కానీ భయం సిగ్గు మాట వింటుందా?

మునగడం తప్ప పోతురాజుకు వేరే విద్య లేదు. కుర్రతనంలో ఊపిరి బిగబట్టి, తెగిపడిన లంగర్లు వెతికి తెచ్చేవాడు. తరవాత ఆమదాలవలసలో పాత లోహాల కొట్టున్న నరసింగరావు, యుద్ధం రోజుల్లో మునిగిన స్టీమరునొకదాన్ని వేలంలో పాడుకుని, ఇత్తడి టోపీ, గాలిపంపు తెప్పించి పోతురాజును దింపాడు. అప్పట్నుంచీ ఆ ఓడను పనసకాయ ఒలిచినట్టు ఒలుస్తూనే ఉన్నాడు. రాగి గొట్టాలొచ్చాయి, ఇత్తడి కిటికీ చట్రాలొచ్చాయి, ఆఖరికి ఓడ గంట కూడా వచ్చింది. ఆ గంట ఇప్పుడు ఎక్కడో మిషను బడిలో మోగుతోందట. మోగనీ. పోతురాజుకు ఒక చెవి ఎప్పుడో చచ్చిపోయింది, రెండోది పోయే దారిలో ఉంది. నరసింగరావుకు మేడ లేచింది. పోతురాజుకు మోకాళ్ళు పోయాయి.

ఇత్తడి టోపీ తలమీద దించి మరలు బిగించారు. నిచ్చెన మీంచి నీళ్ళలోకి జారాడు.

అడుగున వెలుతురు కుడితినీళ్ళలా ఉంది. ఇంజను గదిలో మిగిలిన ఇత్తడి కవాటం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని తాడు ఒకసారి గుంజాడు. పైనుంచి ఒక గుంజు వచ్చింది. బాగానే ఉన్నాను, నేనూ బాగానే ఉన్నాను అని దానికి అర్థం. ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. పొద్దున అన్న మాట కాస్త గట్టిగానే తగిలి ఉంటుందనిపించింది. అయితే ఏం చేయాలి, ఎప్పటికైనా చెప్పాల్సిన మాటే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

కవాటం ఊడింది. తాడు గుంజాడు. జవాబు రాలేదు.

మళ్ళీ గుంజాడు. తాడు బిగువుగానే ఉంది, గాలీ వస్తోంది, జవాబొక్కటే లేదు. పైకి లాగమని మూడుసార్లు గుంజినా పైన కదలిక లేదు. అనుకున్నంతా అయిందనుకున్నాడు పోతురాజు. కోపం నెత్తికెక్కింది. టోపీలోపల తన బూతులు తనకే మార్మోగుతుంటే, లంగరు తాడు పట్టుకుని ఎగబాకాడు. నడుమ ఆగి, ఒళ్ళు సర్దుకున్నాక రావాలి. ఆగలేదు. కీళ్ళలో సూదులు దిగినట్టయింది.

నిచ్చెన మీద తల తేలగానే కూర్మయ్య పరిగెత్తుకొచ్చి టోపీ అద్దం మర విప్పాడు.

"అక్క పోతే నన్ను సంపేస్తావేట్రా!" అని అరిచాడు పోతురాజు.

చినబాబు తెరచాప కొయ్యకు వీపు ఆనించి, తలమీద తువ్వాలుతో, ఎప్పట్లాగే కూర్చుని ఉన్నాడు. పలకలేదు. కూర్మయ్య వెళ్ళి భుజం తట్టాడు. మనిషి పక్కకు ఒరిగాడు.

తాడు అతని నడుముకు కట్టి ఉంది. పైన ఉండేవాడు ఆ తాడును తన ఒంటికి ఎన్నడూ కట్టుకోడు, కిందివాడు పడితే తనూ వెంట పోవాల్సిందే. చినబాబు రెండు చుట్లు తిప్పి పీటముడి వేసుకున్నాడు. చేతులు పట్టు తప్పుతున్నాయని తెలిశాక వేసుకున్న ముడి అది.

"పొద్దున్నే రొమ్ము పట్టేస్తన్నాదన్నాడు," అన్నాడు కూర్మయ్య, ఏడుస్తూ. "మానెయ్యరా అంటే, ఈ ఒక్క దినమూ నాదే గదా, నన్ను పట్టనీ అన్నాడు. తాడు పట్టినోణ్ణి పలకరించకూడదని మేం సూడనేదు."

ముడి ఎంతకీ రాలేదు. కత్తితో కోశారు.

ఒడ్డున గొడుగు కింద నరసింగరావు ఉన్నాడు. శవాన్ని చూసి అయ్యో అన్నాడు. నిజంగానే అన్నాడు. కాసేపాగి, "మరి రేపట్నించి తాడెవరు పడతారు పోతురాజూ?" అని అడిగాడు.

పోతురాజు కోసిన తాడును చుట్ట చుట్టసాగాడు. లక్ష్మివారం పెళ్ళి. ఆ తర్వాత మళ్ళీ దిగాలి. దిగక ఏం తింటాడు? తమ్ముడున్న పిల్లని వెతికి మరీ కుదుర్చుకున్నాడు. ఆ తలపుతో తన మీద తనకే ఉమ్మెయ్యాలనిపించింది.

అందరూ చినబాబును మోసుకుని పల్లెవైపు నడిచారు. మోకాళ్ళు లేవనీయక పోతురాజు పడవ దగ్గరే ఉండిపోయాడు. కొయ్య మొదట్లో, చినబాబు కూర్చున్న చోటి నీడలో, ఒక సత్తుగిన్నె కనిపించింది. బావ పైకి వచ్చేసరికి గొంతెండి ఉంటాడని పోసి ఉంచిన చోడి అంబలి. పోతురాజు దాన్ని ముట్టుకోలేదు. గిన్నె మీద బాదం ఆకు కప్పి ఉంది, ఆకు ఎగిరిపోకుండా దాని మీద ఒక గులకరాయి.