మేస్త్రి కలిపిన పాలు

మూడు నెలల పసిదానికి విరేచనం కాక నాలుగు రోజులైంది. ముక్కీ ముక్కీ మొహం కందిపోతోంది, పొట్ట మీద చెయ్యి పడితే చాలు కెవ్వుమంటోంది. ఇరవై ఏళ్లుగా గోడలు కడుతున్న తాపీమేస్త్రికి ఆ గుప్పెడు బిడ్డ ముందు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

పైగా అతను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. భార్య పాలే పిల్లకు పడటం లేదని తేల్చేశాడు. ఆమె దుస్తుల ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు తాను పట్టే డబ్బా పాల మీద అతనికి అనుమానమే రాలేదు. ఆమె మూడు రోజులుగా పాలివ్వడం మానేసి, బరువెక్కిన రొమ్ములతో స్నానాలగదిలోకి వెళ్లి ఏడ్చి వస్తోంది. ఆ ఉదయం డైపర్‌లో రెండు గట్టి ఉండలు, వాటి మీద నెత్తుటి చార కనిపించేసరికి ఇద్దరూ పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తారు.

డాక్టరమ్మ పొట్ట నొక్కి, నాలుక తడి చూసింది. ఉచ్చ కూడా తగ్గిందని తల్లి చెప్పింది. పాలెలా కలుపుతారో చేసి చూపించమంది డాక్టరమ్మ.

మేస్త్రి వెంట తెచ్చిన సీసాలో నీళ్లు సరిగ్గా గీత దాకా పోశాడు. కొలచెంచాతో పొడి తీసి, బొటనవేలితో అదిమి, పైన ఇంకాస్త కుప్ప పోశాడు.

"సిమెంటు దండిగా పడితేనే గోడ నిలుస్తుందండీ. బిడ్డ ఒళ్లయినా అంతేగా."

డాక్టరమ్మ ఆ పొడిని వదులు చేసి, పైకుప్పను చాకుతో గీసేసింది. సగం బల్ల మీద పడింది.

"కొలత ఇంతే. మీరు చిక్కగా పడుతుంటే నీళ్లు చాలక మలం రాయైపోతోంది. తల్లిపాలు ఎందుకు మానేశారు?"

ఆడలేక మద్దెల ఓడన్నది ఎవరో ఆ మొగుడూ పెళ్లాలిద్దరికీ తెలుసు. ఆమె అతని వైపు చూసింది.

"నేనే మాన్పించానండీ," అన్నాడు మేస్త్రి.

తల్లిపాలు పట్టి, పిల్ల ఉచ్చ పోసేదాకా ఇక్కడే ఉండమంది డాక్టరమ్మ. మూల బల్ల మీద తల్లి పిల్లను రొమ్ముకు చేర్చుకుంది. పిల్ల పట్టుకుంది, వదిలేసి ఏడ్చింది. మళ్లీ పట్టుకుంది.

"వస్తున్నాయా?" అన్నాడు అతను.

"మూడు రోజులు మాన్పించారు. కాస్త ఆగాలి," అంది భార్య.

అతను ఆగాడు. చాలాసేపటికి గుటక చప్పుడు వినిపించింది, వెంటనే ఇంకొకటి. మేస్త్రి గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఊరుకోమని భార్య అనలేదు.