దొంగ ఊపిరి

గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు గానీ, ఆ వేసవిలో పిల్లలు వేసిన పాటల నాటకంలో ఓడ కదిలింది నా ఊపిరితోనే. కావాలంటే మా మనవరాలిని అడగండి. వద్దులెండి, దాన్ని కదిలిస్తే మీకు పొద్దుపోతుంది. నేనే చెప్తాను.

దాన్ని ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. మనిషి గుప్పెడు, నోరు గంపెడు. సెలవుల్లో పిల్లలకి పాట, ఆట, నటన కలిపి నేర్పే శిక్షణ ఒకటి పెట్టారని విని, తిండి మానేసి మరీ చేరింది. మా అమ్మాయి ఉద్యోగానికి పోతూ, "నాన్నా, దాన్ని దింపి, అక్కడే ఉండి తీసుకురా. నోరు మాత్రం పెట్టకు" అని నన్ను తోడిచ్చి పంపింది. చెప్పినవాటిలో మొదటిది తు.చ. తప్పకుండా పాటించాను.

శిక్షణ ఒక చెక్కనేల హాల్లో. ఒక గోడ నిండా అద్దాలు. కిటికీ కింద నీళ్ల సీసాలు వరసగా నిలబడి ఉండేవి. మూల పియానో, దాని మీద ఎప్పుడూ సగం తాగి మర్చిపోయిన కాఫీ, దాని ముందు పాటల టీచరమ్మ. ఆవిడ గొంతు పెంచగా నేను వినలేదు. కనుబొమ్మ ఒకటి లేపితే హాలంతా చేతులు కట్టుకునేది.

నాటకం నడిసముద్రంలో గాలి పడిపోయి ఆగిపోయిన ఓడ గురించి. ఓడలోవాళ్లే పాడి పాడి గాలి పుట్టిస్తారు. అందుకని గుంపంతా ఒకే స్వరాన్ని తెగకుండా పట్టుకోవాలి. మనిషన్నాక ఊపిరి తీసుకోకుండా ఎలా అంటారా? దానికో కిటుకుంది. టీచరమ్మ దానికి దొంగ ఊపిరి అని పేరు పెట్టింది. ఊపిరి కావలసినవాడు పక్కవాడి మోచేతిని తాకుతాడు. తాకితే అర్థం, "నేను ఆగుతున్నాను, నువ్వు మొయ్యి" అని. పక్కవాడు స్వరం మోస్తుంటే వీడు చప్పుడు కాకుండా పీల్చుకుని మళ్లీ కలుస్తాడు. ఒకడు పీల్చుకునేటప్పుడు పక్కవాడు పీల్చుకోకూడదు, అంతే. వినేవాడికి మాత్రం ఆ పాట కండె నుంచి వచ్చే దారంలా సాగుతూనే ఉంటుంది. ఒకనాడు ఎంత బాగా పట్టారంటే, వెంటిలేటర్లో కాపురముండే పావురం దిగొచ్చి నిట్రాడి భుజం మీద వాలింది. పాట అయ్యేదాకా కదల్లేదు.

నిట్రాడంటే పిల్లలందరిలోకీ పొడుగువాడు, పాకని మోసే నడిమి గుంజలా ఉంటాడని ఆ పేరు. ఓడకి తెరచాప కొయ్య వాడే. రెండు చేతులూ చాచి, చాప తగిలించుకుని నాటకమంతా నిలబడాలి. పిచ్చుకది అంతకన్నా పెద్ద వేషం, ఓడ కెప్టెన్ కూతురు. ఆఖర్న పెట్టెల మీంచి దూకి, ఓడంతా పరుగెత్తి, కొయ్య దగ్గర ఆగి, ఒక్కతే పాడాలి. ఆ పాటలో ఆఖరి రెండు లైన్లు ఇవి:

గాలి లేదని ఆగకు ఓడా,
నా గొంతులో ఇంకా కాస్త గాలి ఉంది.

సరిగ్గా గాలి ఉందని పాడే చోటే దానికి గాలి అయిపోయేది. కూర్చుని పాడితే కోయిల. దూకి పరుగెత్తి పాడితే కొలిమి తిత్తి.

టీచరమ్మ దాన్ని పక్కకి పిలిచి మెల్లగా చెప్పింది. "నీ తప్పేం లేదమ్మా. కానీ అక్కడ పాట తెగితే ఓడ మునిగినట్టే. ప్రదర్శనలోగా అందకపోతే ఆ రెండు లైన్లూ నిట్రాడు పాడతాడు."

ఇంటికొచ్చేదాకా పిచ్చుక మాట్లాడలేదు. దాని నోరు మూతపడితే నాకు భయం.

"తాతయ్యా, నాకు ఆ రెండు లైన్లూ కావాలి."

"కావాలంటే ఇప్పిస్తానే. ఊపిరంటే నా తర్వాతే ఎవడైనా. నీ వయసులో బావిలో మునిగానంటే, పైకొచ్చేసరికి మా తమ్ముడు నా చొక్కా తొడుక్కుని తిరుగుతున్నాడు. నేనిక రాననుకుని పంచేసుకున్నారు."

"అంతసేపు ఎలా ఆపావు?"

"ముందే నింపుకోవాలే పిచ్చిదానా. గోనెసంచికి కుక్కినట్టు కుక్కాలి. కుట్లు పిగిలేదాకా."

మర్నాడు అది అలాగే కుక్కింది. బుగ్గలు పొంగాయి, భుజాలు చెవులదాకా లేచాయి. దూకింది, పరుగెత్తింది, కొయ్య దగ్గర ఆగి నోరు తెరిచింది. పాట రాలేదు, ఎక్కిళ్లు వచ్చాయి. ఆపుకోలేక నిట్రాడు నవ్వాడు. కొయ్య ఊగేసరికి తెరచాప కెప్టెన్ నెత్తిన పడింది.

"ఎవరు నేర్పారమ్మా ఇలా?" అంది టీచరమ్మ.

ఓడలోవాళ్లంతా ఒక్క వేలై నావైపు చూపించారు.

"బాబాయిగారూ," అందావిడ, కనుబొమ్మ లేపి, "మీకు చేతినిండా పని లేక ఇబ్బందిగా ఉన్నట్టుంది. రండి, మీరు సముద్రం."

అలా నేను సముద్రాన్నయ్యాను. వేదిక అంత పొడుగు నీలం గుడ్డ. ఒక కొస నాకిచ్చారు, రెండో కొస వేషాలు కుట్టే పిన్నికి. మేమిద్దరం పక్కతెరల చాటున కూర్చుని ఊపుతుంటే అలలు. పిన్ని వేళ్ల మధ్య సూది ఉండగానే ఊపేది, నా ప్రాణాలు అరచేతిలో ఉండేవి.

పిచ్చుకని టీచరమ్మే చేతిలోకి తీసుకుంది. నేల మీద పడుకోబెట్టి, పొట్ట మీద పుస్తకం పెట్టి, అది లేచి దిగేలా ఊపిరి తీయించింది. నింపడం కాదు, పొదుపుగా వదలడం నేర్పింది. మొదటి లైను అందింది. రెండోదానిలో సగం అందింది. అక్కడే ఆగింది. ప్రదర్శన ముందు రోజు టీచరమ్మ ఇద్దరినీ నిలబెట్టి చెప్పింది. "పిచ్చుకా, పాడు. నిట్రాడా, అది ఆగిందా, మిగతాది నువ్వు అందుకో." నిట్రాడు తలూపాడు. పిచ్చుక ఊపలేదు.

ప్రదర్శన రెండు రోజులు. మొదటి రోజే హాలు నిండింది. పిచ్చుక పెట్టెల మీంచి దూకింది, పరుగెత్తింది, కొయ్య దగ్గర ఆగింది. పాట ఎత్తుకుంది. గాలి లేదని ఆగకు ఓడా, అన్నంతవరకూ గొంతు వెన్నలా సాగింది. నా గొంతులో, అంది. అయిపోయింది. నాకు తెలుసు, దాని మెడ మీద నరం చెప్పేసింది. వెనక నిట్రాడి పెదాలు విడివడ్డాయి.

అప్పుడు పిచ్చుక చెయ్యి వెనక్కి వెళ్లింది. చాచిన మోచేయి దానికి అందదు కదా, అందిన చోట, వాడి నడుము మీద తాకింది.

వాడు మిగతా పాట లాక్కోలేదు. "ఇంకా" అన్న ఒక్క మాట ఎత్తి పట్టుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే పక్కపిల్ల కలిసింది, దాని పక్కవాడు కలిశాడు, ఓడంతా ఆ మాటని మోసింది. ఆ మాట మధ్యలోంచి పిచ్చుక గొంతు పైకి లేచింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. కాస్త గాలి ఉంది, అని అదొక్కతే తాపీగా, ఒడ్డున కూర్చున్నదానిలా ముగించింది.

"అన్నయ్యగారూ, సముద్రం," అంది పిన్ని అవతలి కొస నుంచి. చూస్తే సముద్రం నేలకి అతుక్కుని ఉంది. నేను ఎప్పుడు ఆపానో నాకే తెలీదు. తర్వాత ఎంత ఊపానంటే ముందు వరసలోవాళ్లు కాళ్లు వెనక్కి తీసుకున్నారు.

తెర పడ్డాక పిచ్చుక నేరుగా పియానో దగ్గరికి వెళ్లింది. "ఒక్కదాన్నే పాడలేదు మేడమ్. ఆ లైన్లు పోయినట్టేనా?"

"పాట తెగిందా?"

"తెగలేదు."

"మరి ఇన్నాళ్లూ మోచేతులు తాకించింది దేనికమ్మా? రేపటి ఆటకీ అలాగే పాడు. అవి నీవే."

నిట్రాడు తెరచాప విప్పుకుంటూ గొణిగాడు. "రెండు లైన్లు వస్తాయని అద్దం ముందు తెగ పాడుకున్నాను. ఒక్క మాట పడేసింది."

"మొయ్యడం కష్టమైతే చెప్పు, ఇంకో కొయ్యని చూసుకుంటాను," అంది పిచ్చుక.

"మోస్తాలేవే. రేపు మాత్రం నడుము దగ్గర తాకకు, చక్కిలిగింతలు."

ఇంటికొచ్చేదాకా అది ఆపకుండా మాట్లాడింది. మధ్యలో ఎక్కడ ఊపిరి తీస్తుందో కనిపెడదామని చూశాను, దొరకలేదు.

ఓడ నా ఊపిరితో కదిలిందన్నాను కదా. నా వల్ల ఆ ఓడకి వచ్చినవి ఎక్కిళ్లు, దానికి తోడు ఒకసారి ఆటుపోటు. బావి సంగతి అబద్ధమని పిచ్చుకకి మొదటి రోజే తెలుసట, కాబట్టి అది లెక్కలోకి రాదు. మిగతాదంతా జరిగినట్టే చెప్పాను, ఒక్క పావురం తప్ప. వెంటిలేటర్లో పావురం లేదు, అసలు ఆ హాలుకి వెంటిలేటరే లేదు. అంత పొడుగు పిల్లాడి భుజం అంతసేపు ఖాళీగా ఉంచడానికి నాకే మనసొప్పలేదు.